వంతుల సీటు

హేమ్లా తండా, కేసముద్రం దగ్గర
జూన్ 2011

బిడ్డా జమునా,

ఈ ఉత్తరం చదివే ముందు పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి పెట్టు. మధ్యలో లేచి వెళితే నా మాటకు అన్యాయం జరుగుతుంది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే నువ్వు టీచరమ్మవై నన్ను సగంలోనే దిద్దుతావు. ఉత్తరంలో చివరిదాకా వినక తప్పదు.

మన సోనికి సీటు వచ్చింది. మీ అన్న నరేందర్ బిడ్డ, మొన్నటిదాకా ముక్కు తుడుచుకోవడం రాని మన సోని, జనగామలో హాస్టల్ ఉన్న ఇంగ్లీషు బడిలో మూడో తరగతి చదవబోతోంది. ఫీజు, తిండి, పుస్తకాలు, ఆఖరికి కాళ్ళకు బూట్లు కూడా సర్కారుదే. తండాల పిల్లలకోసం పెట్టిన పథకమట. వరంగల్‌లో చీటీలు తీశారు. నేనూ నరేందరూ వెళ్ళాం. హాలు నిండా మనవాళ్ళే. ప్లాస్టిక్ బకెట్‌లో చీటీలు పోసి కలుపుతుంటే, మన మక్కజొన్న విత్తనాలు కలిపినంత శ్రద్ధగా కూడా కలపడం లేదే అని నాకు ప్రాణం గిలగిల్లాడింది. ఒక అమ్మాయి చెయ్యి పెట్టి తీసింది. మైకులో "గుగులోతు సోని" అన్నారు.

అప్పుడు నేనేం చేశానో నాకు తెలియదు. తర్వాత నరేందర్ చెప్పాడు. వాడిని నడుం దగ్గర పట్టుకొని పైకి ఎత్తానట. "దించు బాపు, అందరు చూస్తున్నరు" అన్నాడట వాడు. చూడనీ. కొడుకును ఎత్తుకునే వయసా నాది? నడుం పట్టేసింది. మీ యాడి సోమ్లీ రోజూ వావిలాకుతో కాపడం పెడుతూ, "సీటు సోనికి, నొప్పి నీకు, చాకిరీ నాకు" అని గొణుగుతోంది. గొణుగుతూనే బెల్లం పాయసం వండి గడప గడపకూ పంచింది. మీ అమ్మ అంత సంతోషంగా గొణగడం నీ పెళ్ళి తర్వాత ఇదే చూడటం.

నేను నాలుగో తరగతి దాటలేదు. నువ్వు టీచరువయ్యావు. ఇక సోని ఏమవుతుందో ఊహించడానికి నా బుర్ర చాలడం లేదు. భూపాలపల్లి నుంచి ఒకసారి వచ్చి దాన్ని దీవించి పో. అల్లుడు సక్రుకు గనిలో సెలవు దొరక్కపోతే నువ్వూ దినేశూ అయినా రండి.

నీ బాపు,
టీక్యా

---

భూపాలపల్లి, సింగరేణి క్వార్టర్లు
జూన్ 2011

బాపుకు,

పొయ్యి మీద ఏమీ లేదు. చివరిదాకా చదివాను. నడుం జాగ్రత్త.

సోని మంచి బడిలో చదవడం నాకు సంతోషం కాదని అనుకోకు. కానీ నీ ఉత్తరమంతా వెతికాను, మన తండా బడి గురించి ఒక్క ముక్క లేదు. అది నేను చదివిన బడి. ఇప్పుడు అక్కడ పిల్లలు ఎంతమంది? ఇరవై కంటే తగ్గితే పక్క ఊరి బడిలో కలిపేస్తారని ఇక్కడ అందరూ అంటున్నారు. కలిపితే మన చిన్న పిల్లలు రైలు గేటు దాటి నడవాలి. ఎంతమంది నడుస్తారో నీకు తెలుసు. ఆడపిల్లలు అసలు నడవరు.

శ్రీపాల్ సార్ ఒక్కడే ఐదు తరగతులు చెబుతున్నాడు. రెండో టీచరును ఇవ్వమని మా టీచర్ల సంఘం తరఫున నేనే ఎన్ని అర్జీలు పెట్టానో. డబ్బు లేదంటారు. జనగామ ప్రైవేటు బడికి కట్టడానికి మాత్రం ఉంటుంది. బకెట్‌లో చెయ్యి పెట్టి ఒక్క పిల్లను బయటికి తీసి, మిగిలినవాళ్ళను బకెట్‌లోనే వదిలేస్తే చదువు బాగుపడినట్టా?

మొన్న మీటింగ్‌లో ఒకాయన లేచి, "ప్రతి పిల్లకు ఫీజు చీటీ చేతికిచ్చి నచ్చిన బడికి పొమ్మంటే అయిపాయె గదా, గీ సర్కారు బడులెందుకు?" అన్నాడు. నేను అడిగాను, "అన్నా, మా తండా చుట్టు నచ్చడానికి ఎన్ని బడులున్నయో జర చెప్పు" అని. కూర్చున్నాడు. నీతో కూడా అదే గొడవ పడాల్సి వస్తుందనుకోలేదు.

ఆ జనగామ బడి ఎలా ఉందో రాయి. బూట్లు కాదు, చదువు ఎలా ఉందో.

జమున

---

హేమ్లా తండా
జులై 2011

బిడ్డా జమునా,

నీ ఉత్తరం చదివాక మనకు సీటు వచ్చిందా, జరిమానా పడిందా అని అనుమానం వచ్చింది. నరేందర్‌ను పిలిచి మళ్ళీ చదివించుకున్నాను. వాడు కూడా సీటే అన్నాడు.

నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా. ఆ బడి మూడంతస్తులు. తరగతికో గది, గదికో టీచరమ్మ. గంట కొడితే ఒకరు పోయి ఒకరు వస్తారు. మన శ్రీపాల్ సార్ మంచివాడే, కాదనను. కానీ ఆయన మూడో తరగతికి లెక్కలు చెబుతుంటే ఒకటో తరగతి చెట్టెక్కుతుంది, దాన్ని దించడానికి పోతే ఐదో తరగతి చెరువుకు పోతుంది. ఓటరు లిస్టు పని పడితే ఇక మొత్తం బడే మాయం. సోని టై కట్టుకుని గేటు లోపలికి పోతుంటే నాకు కళ్ళ నిండా నీళ్ళు. ఇంగ్లీషులో పద్యం కూడా చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, అందుకే రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఇంకొకటి, కోపం తెచ్చుకోకు. మన దినేశ్ ఏ బడిలో చదువుతున్నాడు? భూపాలపల్లిలో ప్రైవేటు బడే కదా. నీ కొడుకు మెడలో ఉంటే టై, నా మనుమరాలి మెడలో ఉంటే పలుపా? నువ్వు జీతంలోంచి కడతావు, మాకు సర్కారు కడుతుంది. అంతే తేడా.

తండా బడి లెక్క గురించి పరేషాన్ కాకు. సోని పోయినా ఇంకా సరిగ్గా ఇరవై మంది ఉన్నారు. అది తగ్గదు కూడా. ఎందుకంటే నేను నీకు ఒక సంగతి చెప్పలేదు. అప్లికేషన్ పెట్టింది మన సోనికి ఒక్కదానికే కాదు, ఎదురింటి రాంజీ బిడ్డ సుమనకు కూడా. మూడో తరగతిలో ఉన్నది ఆ ఇద్దరే. రాంజీ మిర్చి ఏరడానికి ఊళ్ళు పట్టి తిరిగే మనిషి, పిల్ల మాత్రం నిప్పు. వస్తే ఒకరికే వస్తుంది, రాని ఇల్లు కుళ్ళుకుంటుంది, ఎదురెదురు ఇళ్ళు మాట్లాడుకోకుండా పోతాయి. అందుకని ఆ రోజే మన గురువు సేవాలాల్ గద్దె ముందు కొబ్బరికాయ కొట్టి మాట అనుకున్నాం. సీటు ఎవరి పేరున వచ్చినా ఇద్దరిదీ. దసరా దాకా ఒకరు, దసరా తర్వాత ఒకరు. అన్నదమ్ములం మన బావి మోటారు నడుపుకోవడం లేదా, అలాగే. అడవిలో పంది పడితే గడపకో పాలు పంచుకునే జాతి మనది. ఒక్కరే తింటే అరగదు.

ఒకరు జనగామలో ఉంటే ఒకరు తండా బడిలో ఉంటారు. నీ బడీ నిలిచింది, నా సీటూ నిలిచింది. ఇంత ఉపాయం మీ సంఘంలో ఎవరికైనా తట్టిందా?

నీ బాపు,
టీక్యా

---

భూపాలపల్లి
సెప్టెంబర్ 2011

బాపుకు,

సీటు బావి కాదు. నీళ్ళు ఎవరి మడిలో పారినా నీళ్ళే. సీటు పిల్ల పేరు మీద ఉంటుంది, ఆ పేరు లేని పిల్ల అక్కడికి పోతే గేటు దగ్గరే ఆపుతారు. సేవాలాల్ ముందు మాట ఇచ్చానంటున్నావు. ఆయనకు ఈ పథకం సంగతి ఎవరైనా చదివి వినిపించారా? రాంజీ అన్నకు ఇప్పుడే నిజం చెప్పు. ఆ పిల్ల ఆశ పెట్టుకుని దసరా కోసం చూస్తూ ఉంటుంది.

దినేశ్ విషయం అన్నావు. నేనేమీ దాచలేదు. సక్రు చేర్పించాడు, నేను సరే అన్నాను. నేను పనిచేసే బడి ఇక్కడికి చాలా దూరం, వాడిని రోజూ అంత దూరం తిప్పలేక. ఇది వేరు, అది వేరు.

పదమూడో తారీకు నుంచి మేమంతా సమ్మెలోకి పోతున్నాం. టీచర్లు, గనులు, బస్సులు, అన్నీ బంద్. తెలంగాణ వచ్చేదాక బడి తాళం తియ్యమంటున్నారు. పిల్లల చదువు ఏమవుతుందని లోపల గుబులుగానే ఉంది. ఈ మాట సమ్మె టెంట్‌లో అనలేను, నీకు రాస్తున్నాను.

జమున

---

హేమ్లా తండా
నవంబర్ 2011

బిడ్డా జమునా,

సమ్మె అయిపోయింది, తెలంగాణ రాలేదు, అయినా నాకు ఇంత సంతోషం ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

కేసముద్రం టెంట్‌లో రోజూ కూర్చున్నాను. రైలు రోకో నాడు పట్టాల మీద పడుకుంటే పోలీసాయన వచ్చి, "తాతా, లేస్తవా, లేపాల్నా" అన్నాడు. "నడుం పట్టింది, మీరే లేపుండ్రి" అన్నాను. నలుగురు కలిసి లేపారు. పాపం, ఎంత మెల్లగా లేపారో.

బడులు మూతపడి సోని ఇంటికి వచ్చింది. బడులు తెరిచిన మర్నాడు పొద్దున్నే రాంజీ మా గడప ముందు. చేతిలో కొత్త రేకు పెట్టె. పక్కన సుమన, రెండు జడలు వేసుకుని. "కాకా, వంతు" అన్నాడు. నువ్వు రాసిన మాటలు నాకు గుర్తున్నాయి. కానీ ఆ రేకు పెట్టెను చూశాక చెప్పులు తొడుక్కున్నాను. నరేందర్ ముఖం ముడుచుకున్నాడు, అయినా గద్దె ముందు అనుకున్న మాట కాబట్టి ఊరుకున్నాడు. మొన్న పడుకున్న పట్టాల మీదే పాసింజర్ ఎక్కి జనగామ పోయాం.

ప్రిన్సిపాల్ చూసి, "గీ పాప ఎవరు?" అన్నాడు.

"సుమన సార్. గీమె వంతొచ్చింది."

"వంతేంది?"

దాచకుండా మొత్తం చెప్పాను. బావి, మోటారు, కొబ్బరికాయ, అన్నీ. ఆయన నవ్వి నవ్వి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "సీటు గూడ పాలు పంచుకుంటరా పెద్దమనిషీ మీ తండాల?" అన్నాడు. తర్వాత ఆలోచించాడు. "లిస్టుల సోని అని ఉన్నది. నేను మార్చలేను. గాని సోనీ అని పిలిస్తె గీ పిల్ల పలుకుతదా?"

"ఎందుకు పలుకది సార్? మస్తు తెలివైంది."

"ఐతె లోపలికి తోలు" అన్నాడు. తోటిపిల్లలు అడగకుండా సెక్షన్ కూడా మార్చాడు. గేటు దగ్గరే ఆపుతారన్నావు. చూశావా? చదువుకున్నవాళ్ళలో కూడా ఇంత మంచి మనుషులుంటారు.

ఇక్కడ సోని తండా బడికి పోతోంది. హాజరు పిలిచేటప్పుడు సుమన పేరు వస్తే అది "ఉన్న సార్" అంటుంది. శ్రీపాల్ సార్ తల పట్టుకుని, "నాయిన, నాకు తలకాయలు లెక్కకు రావాలె. ఇరవై కంటె తగ్గితె నన్ను ఎత్తి గంగారం అడవిల పడేస్తరు. కానియ్యి" అన్నాడు. లెక్క తప్పలేదు, మాట తప్పలేదు. తిరిగి వచ్చి రైలు దిగేటప్పుడు రాంజీ నా చెయ్యి పట్టుకున్నాడు.

నీ బాపు,
టీక్యా

---

భూపాలపల్లి
నవంబర్ 2011

బాపుకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

ఆయన మంచి మనిషి కాదు. సమ్మె తర్వాత సోని పోకపోతే సర్కారు నుంచి ఆ పేరు మీద రావలసిన ఫీజు ఆగుతుంది. ఆ పేరు కింద ఒక పిల్ల కనిపించాలి. ఏ పిల్ల అయినా ఆయనకు ఒకటే. నవ్వింది అందుకే.

సుమన అక్కడ ఏం చదివినా అది సోని చదివినట్టు. ఇక్కడ సోని బడికి వచ్చినా అది సుమన వచ్చినట్టు. రేపు పెద్ద తరగతికి పోతే ఎవరి పేరున ఏ కాగితం ఉంటుంది? ఇవన్నీ నీకు రాసి లాభం లేదు. ఒక పని చెయ్యి. ఎవరికీ చెప్పకుండా ఒక్కడివే జనగామ పో. ఆ పిల్లను చూసి రా. చూశాక కూడా సంతోషంగా ఉంటే నాకు రాయి, నేను నోరు మూసుకుంటాను.

జమున

---

హేమ్లా తండా
ఫిబ్రవరి 2012

బిడ్డా జమునా,

ఇన్నాళ్ళూ రాయలేదని కోపంగా ఉంటావు. నేను కోపంగా ఉన్నాను, అందుకే రాయలేదు. ఎవరి మీదో తెలియక అందరి మీదా.

ముందు ఇక్కడి తమాషా విను. జనగామ నుంచి ఆరు నెలల పరీక్షల మార్కుల కార్డు నరేందర్ పేరున వచ్చింది. గుగులోతు సోని, తరగతిలో మొదటి ర్యాంకు. మీ అన్న దాన్ని పటం కట్టించి గోడకు కొట్టాడు. ఇంటింటికీ మిఠాయి పంచాడు. అప్పుడు సోని ఎక్కడుంది? ఆ పటం కిందే కూర్చుని పల్లీలు తింటోంది.

"నీ బిడ్డ నీ ఇంట్లనే ఉన్నది గదరా, ర్యాంకెట్లొచ్చింది?" అన్నాను.

"పేరెవరిది బాపు? చదువు రాదా నీకు?"

అంతలో రాంజీ వచ్చాడు. నోట్లో నాలుక లేని రాంజీ. "పరీక్ష రాసింది నా బిడ్డ. ఆ పటం మా గోడకుండాలె" అన్నాడు.

"సీటు మాది."

"చెయ్యి మాది."

"మా పేరు లేకుంటె నీ బిడ్డ జనగామ గేటు చూస్తుండెనా?"

"నా బిడ్డ లేకుంటె నీ పేరుకు ర్యాంకొస్తుండెనా?"

పంచాయితీ నా ముందుకే వచ్చింది. సీటును వంతులు వేశాను కానీ ర్యాంకును ఎలా వంతులు వెయ్యాలి? పటాన్ని నెలకో ఇంట్లో పెట్టమని ఒక పెద్దమనిషి తీర్పు చెప్పాడు. ఆ మాట విన్నాక నాకు నా మీదే అసహ్యం వేసింది. అది నా నోట్లోంచి రావలసిన తీర్పే.

మర్నాడు నువ్వు చెప్పినట్టు ఒక్కడినే పోయాను. పిల్లలు ఆవరణలో ఆడుతున్నారు. దూరం నుంచే సుమనా అని పిలిచాను. అది విన్నది. కానీ ముందు నన్ను చూడలేదు, వార్డెన్ ఎటు ఉందో చూసింది. తర్వాత మెల్లగా వచ్చి, "తాతా, గట్టిగ పిలువకు. ఈడ సుమన లేదు" అంది.

"ఫస్టొచ్చినవట గద బిడ్డా."

"నాకు రాలే. సోనికొచ్చింది."

అది ఏడుస్తూ చెప్పి ఉంటే నేను ఓదార్చేవాడిని. లెక్కల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి పేరు మార్చమన్నాను. "మార్చనీకి గిదేమన్న రేషన్ కార్డా? సీటే పోతది. పైంగ నువ్వే మోసం చేసినవని రాసి పంపుత" అన్నాడు. అయితే పిల్లను ఇచ్చెయ్యమన్నాను. "తీస్కపో. సోని పేరు మాత్రం ఈడ్నే ఉంటది" అన్నాడు. ఈసారి నవ్వలేదు. నవంబర్‌లో ఆయన గురించి నీకు రాసిన మంచి మాటలన్నీ కొట్టెయ్యి.

సుమనను తెచ్చాను. రైల్లో నా పక్కన కూర్చుని దారిలో వచ్చిన స్టేషన్ల పేర్లన్నీ ఇంగ్లీషులో చదివింది. రఘునాథపల్లి అంత పెద్ద పేరు కూడా ఆగకుండా చదివింది. ఆ నిమిషం మాత్రం సంతోషమైంది, అబద్ధం చెప్పను.

ఇక సోనిని పంపుదామని నరేందర్ పెట్టె సర్దాడు. అది స్తంభం పట్టుకుని వదల్లేదు. "నేను పోను. ఫస్టొచ్చిన పిల్ల అని లెక్కలడుగుతరు. నాకు రావు" అంది. నరేందర్ పటాన్ని గోడ మీదనుంచి తీసి రాంజీ ఇంట్లో ఇచ్చి వచ్చాడు. రాంజీ దాన్ని గోడకు కొట్టలేదు. అందులో ఉన్నది తన బిడ్డ పేరు కాదు కదా.

నీ బాపు,
టీక్యా

---

భూపాలపల్లి
మార్చి 2012

బాపుకు,

సుమనను తెచ్చి మంచి పని చేశావు. నిన్ను అనవలసిన మాటలు చాలా దాచుకున్నాను, ఇప్పుడు అనబుద్ధి కావడం లేదు.

సోని టీసీ కోసం మళ్ళీ అడుగు. అది లేకపోతే తండా బడిలో కూర్చున్నా లెక్కలోకి రాదు. జూన్‌లో మళ్ళీ తలలు లెక్కబెడతారు. ఆ బడి మూతపడితే సుమనలాంటి పిల్ల మిర్చి తోటలోకి పోతుంది, ఇంకెక్కడికీ పోదు. నా వల్ల ఏ సాయం కావాలన్నా అడుగు. మొహమాట పడకు.

జమున

---

హేమ్లా తండా
జూన్ 2012

బిడ్డా జమునా,

ఏ సాయమైనా అడగమన్నావు. అడుగుతున్నాను.

ప్రిన్సిపాల్ టీసీ ఇవ్వలేదు. మూడుసార్లు తిప్పాడు. ఐదో తరగతి పిల్లలు పెద్ద బడికి పోయారు. కొత్తగా చేరినవాళ్ళను కలిపితే పంతొమ్మిది. సోని కళ్ళ ముందే కూర్చుని ఉంది, కానీ కాగితంలో జనగామలో ఉంది. ఇల్లిల్లూ తిరిగాను. బడి ఈడు పిల్ల ఇంకొకరు తండాలో లేరు. నెలాఖరుకు ఆఫీసరు వస్తాడట.

సుమన, సోని పొద్దున్నే పోయి బడి ఊడుస్తున్నారు. శుభ్రంగా ఉంటే మూసెయ్యరని వాళ్ళు అనుకుంటున్నారు.

ఒక్క పిల్లవాడు కావాలి. దినేశ్‌ను పంపు. నాలుగో తరగతి ఎక్కడ చదివినా నాలుగో తరగతే కదా. మీ యాడి కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటుంది. వాడు వస్తాడన్న ఊహకే నిన్నటినుంచి నాకు ఆకలి లేదు, సంతోషంతో.

నీ బాపు,
టీక్యా

---

భూపాలపల్లి
జూన్ 2012

బాపుకు,

ఇది అడుగుతావని అనుకోలేదు.

ఒక టీచరు ఐదు తరగతులు చెప్పే బడికి కన్నకొడుకును ఎలా పంపను? ఇక్కడ వాడికి తరగతికో గది, గదికో టీచరు. ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే నోటికి వస్తోంది. అక్కడ ఏడాది కూర్చుంటే ఉన్నది కూడా పోతుంది. శ్రీపాల్ సార్‌ను ఏదో డ్యూటీకి పిలిస్తే వారాల తరబడి బడే ఉండదు. సక్రు గని లోపలికి దిగేది వాడు దిగకూడదనే కదా. బడిని కాపాడాలి, నిజమే. కానీ ఒక్క పిల్లవాడి బతుకు పణంగా పెట్టి కాదు. మంచి బడి దొరికినప్పుడు ఏ తల్లి వదులుకుంటుంది చెప్పు?

ఇంకేదైనా దారి చూద్దాం. ఆఫీసరుకు అర్జీ పెడతాను.

జమున

---

హేమ్లా తండా
జూన్ 2012

బిడ్డా,

నీ ఉత్తరంలో తప్పు ఒక్కటి కూడా లేదు. తరగతికో గది, గదికో టీచరు, ఇంగ్లీషు, డ్యూటీకి పోయే సారు. ఇవన్నీ నిరుడు నేను నీకు రాసినవే. నేను రాసినప్పుడు నీకు కోపం వచ్చింది. నువ్వు రాస్తే నాకు సంతోషమే అయింది, నా బిడ్డ అచ్చం నాలాగే ఆలోచిస్తోందని. మీ యాడికి చదివి వినిపించాను. "ఇద్దరు ఒక్కతీరే ఉన్నరు, ఇగ బడెవలు చూస్తరు?" అంది.

పంపకపోయినా నువ్వు నా బిడ్డవే. దినేశ్‌కు ముద్దులు.

నీ బాపు,
టీక్యా

---

భూపాలపల్లి
జూన్ 2012

బాపుకు,

ఈ వారం మా బడిలో పిల్లలను చేర్పించుకోవడానికి ఇల్లిల్లూ తిరిగాం. ఒకావిడ గడపలో నిలబడి, "టీచరమ్మా, నీ కొడుకే బడిల చదువుతున్నడు?" అని అడిగింది. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, ఏదో చెప్పి నవ్వేస్తాను. ఈసారి నీ ఉత్తరం నా బ్యాగులో ఉంది. నవ్వు రాలేదు. ఆమె తన పిల్లను లోపలికి పిలిచి తలుపు వేసుకుంది.

దినేశ్ టీసీ తీసుకున్నాను. అక్కడ కూడా తిప్పారు. టీచరును కాబట్టి ఏం అడగాలో తెలుసు, ఇచ్చారు. మీకు సోనిది ఇవ్వలేదంటే, మీతో వచ్చి అడిగే మనిషి లేకనే. జులైలో నేనే జనగామ వస్తాను.

సక్రు నాతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తింటున్నాడు, అంతే. ఒక్క మాట మాత్రం అన్నాడు. "వాడు ఎనకబడ్డ రోజు నిన్ను అడుగుత." అడగనీ. ఇది ఒప్పో తప్పో నాకు తెలియదు. నీ మీద కోపం పోలేదు. నువ్వు కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టిన పంచాయితీలో ఆఖరికి నా కొడుకు వంతు వచ్చింది. దినేశ్ ఒక్కడే సంతోషంగా ఉన్నాడు, మేకపిల్లలు ఉంటాయని.

ఆదివారం వాడిని తీసుకొస్తున్నాను. సోమవారం నా ఎదుటనే శ్రీపాల్ సార్ వాడి పేరు రాయాలి. రాసిన వెంటనే అక్కడినుంచే మండల ఆఫీసుకు పోతాను. ఇన్నేళ్ళూ ఆ బడికి రెండో టీచరును ఇవ్వమని ఒక టీచరు అర్జీలు పెట్టింది. ఏడాదికోసారి పెట్టి, వాళ్ళు డబ్బు లేదంటే తిరిగి వచ్చి, సాయంత్రం నిశ్చింతగా నా కొడుకు హోంవర్క్ చూసుకున్నాను. ఇకనుంచి ఆ అర్జీలు ఆ బడిలో చదివే పిల్లవాడి తల్లి పెడుతుంది.

జమున